ఎవరి దారి వారు చూచుకొన్నచో

1735వ సంవత్సరములో లియొనార్డ్ ఆయిలర్ అను గణితజ్ఞుడు కోనిగ్స్‌బర్గ్ పట్టణపు ఏడు వంతెనల సమస్యకు పరిష్కారమును సెంట్ పీటర్స్‌బర్గ్ అకాడమీ ముందు ఉంచినాడు. ఒక మనిషి ప్రతి వంతెనను ఒక్కసారి మాత్రమే దాటుచు ఏడింటిని పూర్తిచేయగలడా అన్నది ప్రశ్న. సాధ్యము కాదని ఆయిలర్ నిరూపించినాడు. ఈ కథ ఉన్నత పాఠశాలలలో గణితము చెప్పువారికి తెలిసినదే. అయితే దానిలో ఒక విశేషము సాధారణముగా ఎవరి దృష్టికి రాదు. ఆ వంతెనలపై నడచువాడు ఒక్కడే. వానికి ఎదురు వచ్చువారు లేరు, వెనుక నుండి తోయువారు లేరు, వంతెన ఇరుకై ఆలస్యమగుట అన్నది లేదు.

నిజమైన దారులు అట్లుండవు. రోడ్లు గాని, టెలిఫోను తంతులు గాని, కంప్యూటర్లను కలుపు ఇంటర్నెట్టు గాని ఒకదానితో నొకటి ముడివడి అల్లుకొన్న పెద్ద జాలకములు. ఒక్కొక్క జాలకమును లక్షలమంది ఒకేసారి వాడుకొనుచుందురు. ఎవరికి వారే యమునా తీరే అన్నట్లు ప్రతివాడును తనకు అనుకూలమైన దారిని పట్టును. వాని ఎన్నిక ఇతరుల ప్రయాణమును మార్చివేయును. ఆ మార్పును బట్టి ఇతరులు తమ దారులను మార్చుకొందురు. ఇట్టి జాలకములో ప్రతివాడు తనకు మేలైన దారిని ఎన్నుకొన్నచో మొత్తము అందరికిని మేలు జరుగునా? ఈ ప్రశ్నను స్పష్టముగా వేసి ఒక ఉదాహరణతో చూపినవాడు గణితజ్ఞుడు కాడు, ఒక ఆర్థికశాస్త్రవేత్త.

పిగూ చూపిన రెండు దారులు

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఆర్థర్ సెసిల్ పిగూ 1920లో సంక్షేమ అర్థశాస్త్రమును గూర్చి ఒక పెద్ద గ్రంథము ప్రకటించినాడు. అందులో ఒక ఊరి నుండి మరియొక ఊరికి పోవు రెండు దారులను ఉదాహరణగా తీసికొన్నాడు. వాటిలో ఒకటి మంచిది, కాని ఇరుకైనది. రెండవది అంత మంచిది కాదు గాని ఎన్ని బండ్లు వచ్చినను పట్టును. బండివాండ్రను వారి ఇష్టమునకు వదలినచో మంచి దారిపై గుమిగూడి దానిని చెడ్డ దారితో సమానము చేయుదురనియు, తగిన సుంకము విధించి కొందరిని రెండవ దారికి మళ్ళించినచో ఎవరికిని నష్టము లేకుండ కొందరికి లాభము కలుగుననియు పిగూ వాదించినాడు.

అంకెలు వేసి చూచినచో ఈ విషయము తరగతిలో పది నిమిషములలో తేలిపోవును. చుట్టుదారిలో ఎప్పుడును 60 నిమిషములు పట్టుననుకొందము. దగ్గర దారిలో ఎన్ని బండ్లున్న అన్ని నిమిషములు పట్టును. అనగా 10 బండ్లున్న 10 నిమిషములు, 40 బండ్లున్న 40 నిమిషములు. మొత్తము బండ్లు 60. ప్రతి బండివాడు దగ్గర దారినే పట్టును. ఏలననగా అది ఎంత నిండినను 60 నిమిషములకు మించదు. ఫలితముగా అందరికి 60 నిమిషములు పట్టును. బండ్లను చెరిసగము పంచినచో దగ్గర దారిలోని 30 బండ్లకు 30 నిమిషములు, చుట్టుదారిలోని 30 బండ్లకు 60 నిమిషములు, సగటున 45 నిమిషములు పట్టును. ఒక్కనికైనను మునుపటికంటె ఎక్కువ కాలము పట్టలేదు.

మరి బండివాండ్రు తమంతట తాము ఇట్లు పంచుకొనరేమి? అరువదియవ బండివాని సంగతి చూడుడు. అతడు చుట్టుదారికి మళ్ళినను తనకు వచ్చునదియు లేదు, పోవునదియు లేదు. ఇక్కడ 60, అక్కడ 60. కాని అతడు తొలగినచో మిగిలిన 59 మందికి తలకొక నిమిషము కలిసివచ్చును. ఆ 59 నిమిషములు అతని లెక్కలోనికి రావు. అతడు అనుభవించునది తన ఆలస్యము మాత్రమే. కలిగించునది అందరి ఆలస్యము. ఆ తేడాకు వెల కట్టి అతనిచేత చెల్లింపజేయుటయే పిగూ చెప్పిన సుంకము. పై ఉదాహరణలో దగ్గర దారిపై 30 నిమిషముల కాలమునకు సమానమగు సుంకము పెట్టినచో 30 బండ్లు అక్కడ, 30 బండ్లు ఇక్కడ సర్దుకొనును.

ఈ వాదమును అమెరికాకు చెందిన ఫ్రాంక్ నైట్ 1924లో ఖండించినాడు. మంచి దారి ఒక వ్యక్తి సొత్తయినచో అతడు తన లాభము కొరకే సరిగా అంత సుంకము వసూలు చేయుననియు, దానికి ప్రభుత్వ జోక్యము అక్కరలేదనియు నైట్ వాదించినాడు. పిగూ తన గ్రంథపు తరువాతి ముద్రణలలో ఆ ఉదాహరణను తొలగించినాడు. రోడ్లు సాధారణముగా ప్రజల ఉమ్మడి ఆస్తియే గాని ఒకరి సొత్తు కావు గనుక, నైట్ వాదము ఎంత పదునైనదైనను పిగూ వేసిన ప్రశ్న అట్లే మిగిలిపోయినది. ఉదాహరణను తీసివేయుటలో పిగూ కొంత తొందరపడినాడనియే చెప్పవలెను.

వార్డ్రప్ సూత్రములు

రెండవ ప్రపంచయుద్ధము తరువాత ఇంగ్లండులో మోటారు వాహనములు వేగముగా పెరిగినవి. అక్కడి రోడ్డు పరిశోధనాలయములో పనిచేయుచుండిన జాన్ గ్లెన్ వార్డ్రప్ 1952లో రాకపోకలను గూర్చి ఒక సిద్ధాంత వ్యాసము వెలువరించినాడు. అందులో రెండు సూత్రములున్నవి. ఎవరి దారి వారు చూచుకొనునప్పుడు, వాడుకలోనున్న దారులన్నిటిలోను ప్రయాణకాలము సమానమగును. వాడుకలో లేని దారిలో అంతకు తక్కువ కాలము పట్టదు. ఇది మొదటిది. అందరి సగటు ప్రయాణకాలము మిక్కిలి తక్కువగునట్లు బండ్లను పంచుట రెండవది. మొదటి సూత్రము జనులు ఎట్లు నడతురో చెప్పును. రెండవది ఎట్లు నడచిన మేలో చెప్పును. ఈ రెండును ఒకటి కావు. పిగూ ఒక జత దారులలో చూచినదానిని వార్డ్రప్ ఎన్ని దారులున్న జాలకమునకైనను వర్తించునట్లు చెప్పినాడు. పోటీ ఆటలలో ఏ ఆటగాడును తానొక్కడే ఎత్తు మార్చుకొని లాభపడలేని స్థితిని జాన్ నాష్ 1950లో నిర్వచించియుండెను. వార్డ్రప్ మొదటి సూత్రమునకు దానితో దగ్గరి చుట్టరికము ఉన్నది. 1956లో బెక్‌మన్, మెక్‌గ్వైర్, విన్‌స్టెన్ అను ముగ్గురు ఆర్థికశాస్త్రవేత్తలు ఈ సమతాస్థితిని ఒక కనిష్ఠ సమస్యగా మార్చి లెక్కకట్టవచ్చునని చూపినారు.

కొత్త వంతెన చేసిన చేటు

ఇంతవరకు వచ్చిన ఫలితములు ఆశ్చర్యకరములే గాని నమ్మదగినవి. 1968లో జర్మనీ దేశపు యువ గణితజ్ఞుడు డీట్రిచ్ బ్రెస్ ప్రకటించినది మొదట ఎవరికిని నమ్మబుద్ధి కాదు. జాలకములో ఒక కొత్త దారిని చేర్చినందువలన అందరి ప్రయాణకాలము పెరుగవచ్చునని అతడు నిరూపించినాడు. వ్యాసము జర్మను భాషలో ఉండుటచేత కాబోలు, పూర్తి ఇంగ్లీషు అనువాదము 2005 వరకు వెలువడలేదు.

కాగితముపై నాలుగు చుక్కలు పెట్టుడు. ఎడమ ప్రక్క క, కుడి ప్రక్క త, మధ్య పైన చ, క్రింద ట. ప్రతి ఉదయము 600 వాహనములు క నుండి త కు పోవలెను. పై దారి క–చ–త. క్రింది దారి క–ట–త. క–చ, ట–త రోడ్లు ఇరుకైనవి. వాటిలో వాహనముల సంఖ్యను 20చే భాగించగా వచ్చినన్ని నిమిషములు పట్టును. చ–త, క–ట రోడ్లు విశాలమైనవి. ఎన్ని వాహనములున్నను 35 నిమిషములు పట్టును. రెండు దారులును ఒకే తీరువి గనుక వాహనములు 300 చొప్పున చీలిపోవును. ఇరుకు రోడ్డుపై 15, విశాలమైన రోడ్డుపై 35, వెరసి 50 నిమిషములు.

ఇప్పుడు చ నుండి ట కు రెండు నిమిషములలో దాటగల వంతెన నొకదానిని కట్టినారు. మొదటి దినమున ఒక తెలివిగలవాడు క–చ–ట–త మార్గమున పోయినాడు. అతనికి 15, 2, 15 కలిసి 32 నిమిషములే పట్టినది. మరునాడు మరికొందరు, ఆపై మరికొందరు అట్లే పోయినారు. ఎంతమంది పోయినను ఇరుకు రోడ్డు 30 నిమిషములకు మించదు. దానికి వంతెన రెండు నిమిషములు కలిపినను 32. విశాలమైన రోడ్డు ఎప్పుడును 35. కాబట్టి తుదకు 600 మందియు వంతెన దారినే పట్టుదురు. అప్పుడు వారికి పట్టు కాలము 30, 2, 30 కలిసి 62 నిమిషములు. పాత దారికి మరలుదమని ఎవడైనను అనుకొన్నచో వానికి 30, 35 కలిసి 65 నిమిషములు పట్టును గనుక మరలడు. వంతెన లేనినాడు 50 నిమిషములలో చేరినవారందరు వంతెన కట్టిన తరువాత 62 నిమిషములలో చేరుచున్నారు. ఎవడును తప్పు లెక్క వేయలేదు. ఎవడును మూర్ఖుడు కాడు.

దోషము వంతెనలో ఉన్నదనుట సరికాదు. లెక్క వేసి చూచినచో, 60 వాహనములను మాత్రమే వంతెనపైకి విడిచి, మిగిలిన 540ని పాత దారులలో చెరిసగము పంపినప్పుడు సగటు 49 నిమిషముల 51 సెకండ్లు వచ్చును. అనగా వంతెనను అదుపుతో వాడినచో తొమ్మిది సెకండ్ల లాభము కలదు. విచ్చలవిడిగా వాడినచో పండ్రెండు నిమిషముల నష్టము. ఇట్టి వంతెనకు ఎంత ధనము వెచ్చించవచ్చునో ఇంజనీర్లు ఆలోచింపదగినది.

దారము తెంచిన పైకి లేచు బరువు

ఈ వింత మనుష్యుల స్వార్థమునకే పరిమితము కాదు. 1991లో జోయల్ కోహెన్, పాల్ హొరోవిట్జ్ అను అమెరికా శాస్త్రజ్ఞులు దీనిని స్ప్రింగులతో చేసి చూపినారు. ఈ ప్రయోగమును ఏ పాఠశాలలోనైనను చేయవచ్చును. ఒక కొక్కెమునకు మొదటి స్ప్రింగును తగిలించి, దాని అడుగున పొట్టి దారము కట్టి, ఆ దారమునకు రెండవ స్ప్రింగును, దాని అడుగున బరువును వ్రేలాడదీయవలెను. ఇవి గాక వదులుగా నుండు రెండు పొడవు దారములు కావలెను. ఒకటి కొక్కెము నుండి రెండవ స్ప్రింగు పై కొనకు, మరియొకటి మొదటి స్ప్రింగు అడుగు కొన నుండి బరువునకు కట్టవలెను. ఇప్పుడు మధ్యనున్న పొట్టి దారమును కత్తిరించినచో బరువు క్రిందికి జారునని పిల్లలందరు చెప్పుదురు. అది పైకి లేచును!

కారణము సులభము. మొదట స్ప్రింగులు ఒకదాని క్రింద ఒకటి ఉన్నందున ఒక్కొక్కటి మొత్తము బరువును మోయుచుండెను. దారము తెగిన తరువాత అవి ప్రక్కప్రక్కన నిలిచి బరువును చెరిసగము పంచుకొన్నవి. పూర్తి బరువుతో ఒక్కొక్క స్ప్రింగు 30 సెంటీమీటర్లు, సగము బరువుతో 20 సెంటీమీటర్లు పొడవుండుననుకొందము. పొట్టి దారము 2, వదులు దారములు ఒక్కొక్కటి 35 సెంటీమీటర్లు. ముందు బరువు 62 సెంటీమీటర్ల క్రింద ఉన్నది. తరువాత 20కి 35 కలిపి 55 సెంటీమీటర్ల వద్ద నిలుచును. వదులు దారము మరీ పొడవైనచో ప్రయోగము విఫలమగును గనుక ముందుగా కొలిచి చూచుకొనుట మంచిది.

స్ప్రింగుల విషయము రుజువైనది. నగరముల విషయము అంత సూటిగా తేలదు. 1990 ఏప్రిల్ 22న ధరిత్రీ దినోత్సవమునకై న్యూయార్కులో 42వ వీధిని మూసినప్పుడు, అందరు భయపడినట్లు రాకపోకలు స్తంభింపక సుగమముగా సాగినవని వార్త వచ్చినది. అది ఒక్కనాటి ముచ్చట. దక్షిణ కొరియా రాజధాని సియోలులో 2003లో చంగ్గేచన్ అను వాగుపైనున్న ఎత్తు రోడ్డును కూల్చివేయుట ఆరంభించి, 2005లో వాగును తిరిగి వెలికి తెచ్చినారు. నగరములో రాకపోకలు కుప్పగూలలేదు. దీనిని బ్రెస్ సిద్ధాంతమునకు సాక్ష్యముగా పలువురు చెప్పుచుందురు. కాని 2004లో అదే నగరములో బస్సుల ఏర్పాటు సమూలముగా మారినదను సంగతిని మరువరాదు. రెండు మందులు ఒకేసారి మ్రింగిన రోగికి ఏది పనిచేసినదో చెప్పుట కష్టము.

తంతులలో రద్దీ

మనుష్యులు ఇష్టము వచ్చిన దారిన పోవుదురు సరే, యంత్రములు కూడ అట్లే చేయునా? 1986 అక్టోబరులో కాలిఫోర్నియాలో ఒక సంఘటన జరిగినది. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకు, బర్క్‌లీ విశ్వవిద్యాలయమునకు నడుమ దూరము సుమారు 400 గజములు. వాటి మధ్య ఇంటర్నెట్టులో సెకండుకు 32,000 బిట్ల చొప్పున పోవు సమాచారము ఒక్కసారిగా 40 బిట్లకు పడిపోయినది. ఇంటర్నెట్టులో సమాచారము పాకెట్లు అను చిన్న ముక్కలుగా పయనించును. దారి నిండినప్పుడు కొన్ని పాకెట్లు పోవును. పోయినదానిని పంపిన కంప్యూటరు తిరిగి పంపును. అందరును తిరిగి పంపుటచే రద్దీ మరింత హెచ్చును.

వాన్ జేకబ్‌సన్ అను పరిశోధకుడు మైకేల్ కేరల్స్‌తో కలిసి దీనికి మందు కనుగొని 1988లో ప్రకటించినాడు. పాకెటు పోయినదని తెలిసిన వెంటనే కంప్యూటరు తాను పంపు మొత్తమును సగమునకు తగ్గించుకొని, మరల కొంచెము కొంచెముగా పెంచుకొనవలెను. అది అనుభవముతో కుదిరిన ఉపాయము. దాని వెనుకనున్న అర్థమును 1998లో ఫ్రాంక్ కెల్లీ, మౌలూ, టాన్ అను వారు విప్పి చెప్పినారు. పోయిన పాకెటు ఒక విధమైన ధర! ఇరుకైన తంతి అధిక ధర పలుకును. కంప్యూటర్లు ఆ ధరను చూచి తమ గిరాకీని తగ్గించుకొనును. ఈ బేరము వలన జాలకము మొత్తమునకు మేలైన పంపకము తనంతట తానే సిద్ధించుటకు వీలున్నదని వారి గణితము చూపినది. కెల్లీ పనిచేసినది కేంబ్రిడ్జిలోనే. 1920లో బండ్లపై సుంకము ప్రతిపాదించిన విశ్వవిద్యాలయములోనే, తంతులలోని రద్దీకి వెల కట్టు గణితము పుట్టినది.

మూడింట నాలుగు

స్వార్థము వలన నష్టము కలుగునని తెలిసినది. ఎంత నష్టము? ఈ ప్రశ్నను 1999లో కుట్సూపియాస్, పాపడిమిత్రియు అను కంప్యూటరు శాస్త్రజ్ఞులు లేవదీసినారు. అదుపు లేని సమతాస్థితిలో పట్టు కాలమును, మిక్కిలి మేలైన పంపకములో పట్టు కాలముచే భాగించగా వచ్చు నిష్పత్తికి 'అరాచకపు వెల' అను పేరు వచ్చినది. కార్నెల్ విశ్వవిద్యాలయములోని టిమ్ రఫ్‌గార్డెన్, ఏవా టార్డోష్ 2002లో వెలువరించిన ఫలితము సొగసైనది. ఆలస్యము వాహనముల సంఖ్యను బట్టి సరళరేఖగా పెరుగునప్పుడు ఈ నిష్పత్తి 4/3ను ఎన్నటికిని దాటదు. జాలకములో నాలుగు రోడ్లున్నను నాలుగు లక్షల రోడ్లున్నను అంతే. పిగూ వలె వేసిన రెండు దారుల లెక్కలో 60ని 45చే భాగించి చూడుడు. సరిగా 4/3 వచ్చును. అనగా చెడు ఎంతవరకు పోగలదో చూపుటకు ఆ రెండు దారులే చాలును. ఆలస్యము సరళరేఖగా కాక నిటారుగా పెరిగినచో ఈ హద్దు నిలువదు. అప్పుడు నష్టము రెండింతలకు పైబడవచ్చును. ఈ పరిశోధనలకు 2012లో గోడెల్ బహుమానము లభించినది.

ఇక సుంకమును గూర్చి ఆర్థికశాస్త్రము చెప్పునది ఒకటి, బాటసారి అడుగునది ఒకటి. బ్రెస్ వంతెనకు మరల వత్తము. వంతెనపై పదహారున్నర నిమిషముల కాలమునకు సమానమగు సుంకము పెట్టినచో సరిగా 60 వాహనములే దానిపై పోవునని లెక్క తేల్చును. సగటు తగ్గును, ఆర్థికవేత్త సంతసించును. అయితే సుంకము చెల్లించినవాడు 35 నిమిషములలో చేరును. చెల్లించలేని 540 మందికి 51½ నిమిషములు పట్టును. వంతెన లేనినాడు వారికి పట్టినది 50 నిమిషములే. కావున వసూలైన ధనము బస్సులకో, ఆ 540 మందికి పనికివచ్చు మరియొక దానికో చేరనిచో, మొత్తము మీది లాభము కొందరి జేబు నుండి వచ్చినదే అగును. ఈ ప్రశ్నకు గణితము సమాధానము చెప్పదు.

ఈ విషయములో జీవితమంతయు పోరాడినవాడు న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు విలియమ్ వికరీ. రద్దీ వేళను బట్టి రైలు చార్జీలు, రోడ్డు సుంకములు మారవలెనని అతడు 1950 తరువాతి దశకము నుండియు చెప్పుచు వచ్చినాడు. అతనికి నోబెల్ బహుమతి 1996 అక్టోబరులో ప్రకటింపబడినది; మూడు దినములకు అతడు మరణించినాడు. ఈలోగా 1975లో సింగపూరు నగర మధ్యభాగములో ప్రవేశించు కార్లపై దినమునకు 3 సింగపూరు డాలర్ల రుసుము పెట్టి మొదట ఆచరణలో చూపినది. లండను 2003 ఫిబ్రవరిలో 5 పౌన్లతో మొదలుపెట్టినది. స్టాక్‌హోమ్ నగరము తొందరపడక 2006 జనవరి నుండి జూలై వరకు పరీక్షగా అమలు జరిపినది. నగరపు పొలిమేర దాటు వాహనములు సుమారు అయిదవ వంతు తగ్గినవి. పరీక్షకు ముందు నగరవాసులలో పెక్కురు దీనిని వ్యతిరేకించిరి. సెప్టెంబరులో ప్రజాభిప్రాయము కోరినప్పుడు అధికసంఖ్యాకులు ఔననిరి. వోటింగు జరిగిన పరిసర పురపాలకములలో మాత్రము అధికులు కాదనిరి. 2007 ఆగస్టు నుండి సుంకము స్థిరపడినది. వికరీ నివసించి పోరాడిన న్యూయార్కులో ఇది 2025 జనవరి 5న ప్రారంభమైనది. మన్‌హటన్‌లో 60వ వీధికి దక్షిణముగా పగటివేళ ప్రవేశించు కారునకు 9 డాలర్లు. వసూలగు సొమ్ములో అధిక భాగమును నగరపు భూగర్భ రైళ్ళకు, బస్సులకు వినియోగించవలెనని చట్టము నిర్ణయించినది.